గాలికి ఎదురుకుట్టు

పద్నాలుగు మలుపులు. మా అన్నయ్య మాత్రం పదమూడే అనేవాడు. ఆ తగువు తీరడానికి ఏడాది పైన పట్టింది. ఎలా తీరిందో చెప్పాలంటే సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

1936లో నాకు పదమూడేళ్లు, అన్నయ్యకు పదహారు. ఏలూరులో మా నాన్నగారికి చాపల కొట్టు ఉండేది. చాపలు, తాళ్లు, గోనెసంచులు అమ్మేవారు. కొట్టుకి రెక్కల తలుపు లేదు. గాడిలో ఒకదాని పక్కన ఒకటి దింపే నిలువు పలకలు తొమ్మిది ఉండేవి. వరస తప్పితే ఇరుక్కుపోతాయని నాన్నగారు ఒక్కొక్కదాని మీదా తారుతో అంకె వేయించారు. పొద్దున్నే ఆ పలకలు తీయడం అన్నయ్య పని. కొల్లేటి లంకల నుంచి వచ్చిన చాపలు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించడం నా పని. నా లెక్క తప్పిన రోజు లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ముందుముందు అవసరం కనక చెబుతున్నాను.

ఆ జూన్ నెలలో బొంబాయి నుంచి అన్నయ్య పేర ఒక కవరు వచ్చింది. లోపల ఇంగ్లీషులో అచ్చయిన చిన్న పుస్తకం, ఒక దరఖాస్తు ఫారం. అక్కడ ఓడ మీదనే నడిచే బడి ఒకటి ఉందనీ, సైన్యంలో లాగా యూనిఫారం, డ్రిల్లు, బూర ఊదితే లేవడం ఉంటాయనీ, మన దేశం కుర్రాళ్లను ఓడల మీద ఆఫీసర్లుగా తయారుచేస్తారనీ బళ్లో డ్రిల్లు మేష్టారు చెప్పారట. అన్నయ్య ఎవరితోనూ అనకుండా ఉత్తరం రాసి అవి తెప్పించుకున్నాడు.

ఆ పుస్తకం ఇప్పటికీ అప్పజెప్పగలను. కళ్లద్దాలు ఉండకూడదు. రంగులు తేడా లేకుండా గుర్తుపట్టాలి. ఇంగ్లీషులోనూ లెక్కల్లోనూ పరీక్ష ఉంటుంది. ఈత రావాలి. చేరిన మొదటి ఏడాది తెడ్లు వేయడం, తాళ్లకు ముళ్లు వేయడం, జెండాలతో కబుర్లు పంపడం నేర్పుతారు. ఆ తరవాత తెరచాప పడవలు: చాప ఎత్తడం, దించడం, గాలివాలున పోవడం, గాలికి ఎదురు పోవడం. తెరచాప పడవ నడపడం ముందే వచ్చినవాళ్లు ఆ సంగతి ఫారంలో రాసుకోవచ్చు, నేర్పినవారి పేరుతో సహా. అన్నిటికన్నా కింద తండ్రి సంతకం ఉండాలి. ఫారం సెప్టెంబరు నెలాఖరులోగా అందాలి.

అన్నయ్యకు ఈత వచ్చు. లెక్కలు నా అంత రాకపోయినా వచ్చు. రానిది ఆ ఆఖరి గీత మీద సంతకం అడిగే ధైర్యం. నాలుగు రోజులు ఫారం చొక్కాలో పెట్టుకు తిరిగి, అయిదో రోజు నాన్నగారు భోంచేసి తమలపాకు ఈనె తీస్తూ కూర్చున్నప్పుడు ముందు పెట్టాడు.

నాన్నగారు అంతా చదివించుకుని విన్నారు.

"తెరచాప పడవ దేంతో నడుస్తుందిరా?" అన్నారు.

"గాలితోనండి."

"గాలి ఎటు వీస్తే అటు పోయే బతుకు మనకెందుకు? తాడేపల్లిగూడెం మీ అమ్మమ్మ గారింటికి కాలవలో పోతూ చూళ్లేదూ? గాలి కలిస్తే తెరచాప ఎత్తుతారు. కలవకపోతే నలుగురు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగుతారు. అంత చదువూ చదివి తాడు లాగడానికి పోతావా?"

"గాలికి ఎదురుగా కూడా పోవచ్చునండి. పుస్తకంలో రాశారు."

నాన్నగారు ఆకు నోట్లో పెట్టుకోబోయి ఆగారు. "ఎడ్లు లేకుండా బండి మెరక ఎక్కుతుందని కూడా రాశారేమో చూడు."

"నిజమేనండి, నాన్నగారూ."

"అయితే చూపించు. నీళ్లలో పొడిచి తోసే గెడ ముట్టకూడదు. తెడ్డు తిప్పడానికే గాని తొయ్యడానికి వాడకూడదు. ఒడ్డు నుంచి ఎవరూ లాగకూడదు. గాలికి ఎదురుగా నా కళ్ల ముందు పడవ నడిపిస్తే ఆ రోజే సంతకం పెడతాను. లేకపోతే ఆ ఫారం చాపల కట్టకి అడుగున వేస్తాను."

నాన్నగారు మాట తప్పే మనిషి కారు. అది మాకు ధైర్యం, అదే మాకు భయం.

కాలవ పడవల సరంగుల్ని అడిగితే నవ్వారు. "గాలికి ఎదురు తెరచాపెత్తితే ఎనక్కి పోతారండి, బాబుగారు," అన్నాడు ఒకాయన. కాలవలో వాళ్లకి ఆ అవసరం లేదు, గట్టు పక్కనే ఉంటుంది కనక. దారి పుస్తకంలోనే వెతుక్కోవాలి. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. గాలికి ఎదురు పోవాలంటే పడవ 'టాక్' చేస్తూ పోవాలట. బొమ్మ లేదు.

మా ఇంట్లో నిఘంటువు తీస్తే టాక్ అంటే చిన్న మేకు అని ఉంది. అన్నయ్య అది పట్టుకున్నాడు. ఎదురుగాలికి తెరచాప ఊడిపోకుండా వాసానికి మేకులు కొట్టాలి కాబోలని కమ్మరి దగ్గరికి వెళ్లి గుప్పెడు మేకులు తెచ్చాడు.

నాకు తెలిసిన టాక్ అది కాదు. నేను మిషను బళ్లో చదివేదాన్ని. కుట్టు నేర్పే టీచరుగారు రోజూ, "ముందు టాక్ వెయ్యండమ్మా, తరవాత గట్టి కుట్టు వేద్దురుగాని," అనేవారు. రెండు అంచులు కలపడానికి వేసే దూరపు కుట్టు అది. దారం నేరుగా పోదు. ఈ అంచు నుంచి ఆ అంచుకి ఏటవాలుగా పోతుంది, అక్కడ మలుపు తిరిగి మళ్లీ ఈ అంచుకి వస్తుంది. అటూ ఇటూ పోతూనే ముందుకి పోతుంది.

"పడవ కూడా అలా పోవాలేమో అన్నయ్యా," అన్నాను.

"పడవంటే సూది అనుకున్నావుటే?"

"నీ మేకులతో ఎలా పోతుందో చెప్పు మరి."

రాతపలక మీద గాలిని బాణం గుర్తుగా వేసి, దానికి అడ్డంగా కుట్టు గీసి చూపించాను. ఎదురుగాలిని నేరుగా ముక్కు మీద కాకుండా ఒకసారి కుడి చెంప మీద, ఒకసారి ఎడమ చెంప మీద తీసుకోవాలి. అన్నయ్య మేకులు తీసుకెళ్లి గూట్లో పెట్టాడు. ఓడలవాళ్ల టాకు నేను అనుకున్న దారిలో పుట్టింది కాదని తరవాత తెలిసింది. అయినా నా తప్పే మమ్మల్ని గమ్యానికి చేర్చింది.

మా కొట్టుకి చాపలు తెచ్చే పెద్దాయన కొల్లేటి లంకలో ఉండేవాడు. చాపల తాత అనేవాళ్లం. సెలవు రోజుల్లో పెదపాడు మీదుగా బండిలో వెళ్లి, అక్కడి నుంచి దోనెలో లంక చేరి చాపలు చూసుకుని రావడం మాకు అలవాటే. జూలై ఆఖరు నుంచి ప్రతి సెలవుకీ మేమే వెళ్తామన్నాం. అన్నయ్య మంచి చాపలు ఎంచడానికి, నేను లెక్కపెట్టడానికి. అలా పదకొండు రోజులు నీటి మీద గడిపాం.

తాటిమాను తొలిచిన దోనె ఒంటరిగా నిలవదు, దగ్గితే తిరగబడుతుంది. అందుకని తాత రెండు దోనెల మీద అడ్డకర్రలు వేసి జోడించి సంగడి కట్టాడు. "ఒంటి దోనె తాగినోడండి. ఇద్దరు తాగినోళ్లు భుజాల మీద చేతులేసుకుంటే పడరు. ఆయ్, అదే సంగడి," అన్నాడు. నడుమ వెదురు స్తంభం నాటాం. తెరచాపకి గుడ్డ ఎక్కడ తేవాలా అని మేం అనుకుంటుంటే తాత ఇంట్లోంచి తుంగచాప పట్టుకొచ్చాడు.

"గుడ్డ కావాలి తాతా," అన్నాడు అన్నయ్య.

"తెరచాపన్నాక చాపే గదండీ? తెరగుడ్డ అనలేదుగా?"

ఆ మాటకి మేం పడీ పడీ నవ్వి, కాలవ సరంగు దగ్గర పాత గుడ్డ అడిగి తెచ్చుకున్నాం. రెండు రోజులు వృథా. ఎదురుగాలి చెంపకి తగలగానే గుడ్డ గుమ్మడికాయలా ఉబ్బి, టపటపా కొట్టుకుని ఊరుకునేది. మూడో రోజు సిగ్గు విడిచి చాప కట్టాం. బిగుతుగా అల్లిన చాప ఉబ్బలేదు, పలకలా నిలిచింది. సంగడి ముందుకి కదిలింది. తాత ఊరికే చాప అంచు నిమిరాడు.

కదిలింది గాని, ముందుకి ఒక గజం పోతే పక్కకి రెండు గజాలు జారేది. పీత నడకే. మూడు రోజులు అదే వరస. పొద్దుట ఎక్కడ బయల్దేరామో సాయంత్రానికి దానికన్నా వెనక తేలేవాళ్లం. లంకలో ఆడవాళ్లు తుంగ కోస్తూ, "బాబుగారండోయ్, చాప ఆరిందా?" అని కేకలేసేవాళ్లు. అన్నయ్య ఒకరోజు తెడ్డు విసిరేసి, "నాన్నగారన్నదే నిజం," అన్నాడు.

తాత దోనె అడుగు తడిమి చూపించాడు. "తాటిమాను పొట్ట నున్నగా ఉంటదండి. నీళ్లని పట్టుకునేదేదీ లేదు దీనికి. ఎటు తోస్తే అటు జారిపోద్ది."

నీళ్లని పట్టుకునేది. ఆ మాటే రాత్రంతా నా చెవిలో ఉంది. మర్నాడు కొట్టు కట్టేటప్పుడు పలకలు చూస్తుంటే తట్టింది. గాడిలో దిగిన పలక ఎటూ జరగదు. సంగడి నడుమ అలాంటి పలక నిలువుగా దింపితే?

ఏడో పలక తీశాం. దాని వెనక చాపల దొంతర ఉంటుంది, సందు కనపడకుండా ఒక చాప వేలాడదీస్తే చాలు. మరుసటి సెలవుకి దాన్ని గోనెలో చుట్టి బండిలో వేసుకుపోయాం. రెండు దోనెల మధ్య, అడ్డకర్రకి బిగించి నీళ్లలోకి దింపాం. ఎడమ చెంప గాలి మీద బయల్దేరాం. సంగడి ఒక్కసారి వణికి, జారడం మానేసి, నేను రాతపలక మీద గీసిన గీత మీద నడిచినట్టు నడిచింది! అన్నయ్య అరిచిన అరుపుకి తుంగలో కొంగలన్నీ లేచాయి.

అక్కడి నుంచి మిగిలింది లెక్క. తాత దగ్గరున్న యాభై గజాల తాడుతో తూర్పు దిబ్బ నుంచి పడమటి దిబ్బకి కొలిచాం. పదహారు తాళ్లు, అంటే ఎనిమిది వందల గజాలు. ఏటవాలుగా పోవడం వల్ల మేం నడిచే దూరం దానికి రెట్టింపు. చేపల కోసం నీళ్లలో పాతిన వెదురు తడికలకి తగలకుండా ఉండాలంటే ఒక్కో పక్కకి నూట ఏడు గజాలకు మించి పోకూడదు. పదిహేను గీతలు, పద్నాలుగు మలుపులు. గడియారం లేదు కనక నేను పైకి అంకెలు చదివేదాన్ని. నూట ఇరవై అనగానే అన్నయ్య తెడ్డు తిప్పాలి, నేను చాప తాడు ఇటు నుంచి అటు మార్చాలి.

సెప్టెంబరు మొదటి వారంలో, పడమటి గాలి పొద్దుటి నుంచీ నిలకడగా ఉన్న రోజున నాన్నగారు లంకకి వచ్చారు. నన్ను సంగడి మీద చూసి, "నువ్వెందుకే అందులో?" అన్నారు.

"లెక్కకండి," అన్నాను.

నాన్నగారు తాత దోనెలో కూర్చున్నారు. తాత గెడతో మా పక్కనే వస్తాడు. లంకలో పని మానుకుని అందరూ ఒడ్డుకి చేరారు. పడమటి దిబ్బ మీద కర్రకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. పలక దించాం, చాప ఎత్తాం. మా సంగడి ఎర్రగుడ్డ వైపు కాకుండా పక్కదారి పట్టేసరికి ఒడ్డు మీద గోల.

"పడమటికి పొమ్మంటే దక్షిణానికి పోతారేటండీ!"

"అత్తారిల్లు అటేపేమోలే!"

నేను అంకెలు చదువుతూనే ఉన్నాను. నూట ఇరవై. మలుపు. ఇప్పుడు ఉత్తరపు పక్కకి. నాలుగో మలుపు తరవాత ఒడ్డు మీద నవ్వు తగ్గింది. ఎనిమిదో మలుపు దాటేసరికి తూర్పు దిబ్బ బాగా వెనక పడింది.

తొమ్మిదో మలుపు దగ్గర చిక్కొచ్చింది. అన్నయ్య తెడ్డు ఒక క్షణం ముందు తిప్పాడు. నేను నూట పదిహేనులో ఉన్నాను. వేగం చాలలేదు. సంగడి ముక్కు సరిగ్గా గాలిలోకి తిరిగి, అక్కడే ఆగిపోయింది. చాప పటపటా కొట్టుకుంది. మెల్లగా వెనక్కి పోవడం మొదలుపెట్టాం. వెనకే వెదురు తడికలు.

అన్నయ్య చెయ్యి దానంతట అదే అడుగున ఉన్న గెడ మీదకి పోయింది. లంకలో ఎవరైనా చేసే పని అదే. ఒక్క పోటు పొడిస్తే బయటపడతాం, సంతకం పోతుంది. నేను గెడ ఈ కొస పట్టుకుని లాగి నీళ్లలో పడేశాను.

"ఏం చేశావే, పిచ్చిదానా!"

"నువ్వు ముట్టకుండా చేశాను. తెడ్డు అటు పెట్టు!"

గెడ తేలుతూ పోయింది. ఇక మాకున్నది గాలి ఒక్కటే. లేచి నిలబడి, రెండు చేతులతో చాప అంచు పట్టుకుని గాలిలోకి తోశాను. చేతులు ఊడిపోతాయనిపించింది. గాలి చాపని అవతలి వైపు నుంచి కొట్టింది. సంగడి వెనక్కి పోతూ పోతూనే ముక్కు పక్కకి తిప్పింది. ఇంకొంచెం. ఇంకొంచెం. చెంప మీద గాలి తగలగానే చాప వదిలి తాడు లాగాను. పలక నీళ్లని పట్టుకుంది. మళ్లీ ముందుకి! తడికలు రెండు బారల దూరంలో ఉండిపోయాయి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

మిగిలిన అయిదు మలుపులూ కుట్టినట్టు పడ్డాయి. ఆఖరి గీతలో ఎర్రగుడ్డ మా ముక్కుకి సూటిగా వచ్చింది. పడమటి దిబ్బ మెత్తటి బురదలో సంగడి దిగబడగానే వెనక లంకంతా ఒక్కసారి కేక పెట్టింది. ఇందాక అత్తారిల్లన్న గొంతే అన్నిటికన్నా గట్టిగా వినిపించింది. తాత ఆనందం పట్టలేక గెడతో నీళ్లని కొడితే ఆ నీళ్లన్నీ నాన్నగారి మీద పడ్డాయి.

నాన్నగారు కండువాతో మొహం తుడుచుకుంటూ దిగారు. సంగడి చుట్టూ తిరిగి, వంగి, నడుమనున్న పలక చూశారు. తారు అంకె నీళ్ల పైనే ఉంది.

"ఆరు తరవాత ఎనిమిది వస్తోందని నాకు తెలియదనుకున్నారా?" అన్నారు. "మీరు కట్టిన చాప చిన్నది, సందు కనపడుతోంది. పెద్దది నేనే కట్టాను."

అన్నయ్య నా వంక చూశాడు, నేను పలక వంక చూశాను.

"అది సరే. ఎనిమిది వందల గజాలకి ఎంత తిరిగారు?"

"పదహారు వందలండి," అన్నాను. "రెట్టింపు. కానీ ఎవరూ లాగలేదండి."

"లాగలేదు. చూశాను," అని జేబులోంచి ఫారం తీశారు. కలం కూడా తెచ్చారు. ఆ పొద్దున్న ఏలూరులో బయల్దేరినప్పుడే అవి రెండూ జేబులో ఉన్నాయన్నమాట. తాత వంగితే ఆయన వీపు మీద ఫారం పెట్టి, ఆఖరి గీత మీద పొల్లు పోకుండా సంతకం చేశారు. తరవాత పైన ఖాళీగా ఉన్న గడి చూసి, "నేర్పినవారి పేరు?" అన్నారు.

"తాత పేరు రాయండి," అన్నాడు అన్నయ్య.

తాత వంగినవాడు వంగినట్టే అన్నాడు. "నాకు గెడొక్కటే వచ్చునండి. ఈ కుట్టుపని అమ్మాయిగారిదండి."

నాన్నగారు అన్నయ్య వంక చూశారు. అన్నయ్య తలూపాడు. ఆ గడిలో నాన్నగారు నా పేరు రాశారు. బొంబాయికి పోయే కాగితంలో, ఇంగ్లీషులో, ఒక్కొక్క అక్షరమే నన్ను అడిగి రాశారు.

"అనుభవం ఎంత అని ఉంది."

"పదకొండు రోజులండి."

అదీ రాశారు. "మలుపులెన్ని?"

"పద్నాలుగండి," అన్నాను నేను. "పదమూడండి," అన్నాడు అన్నయ్య. గాలిలో చిక్కి వెనక్కి పోయింది మలుపు కాదని వాడి వాదం. ముక్కు ఈ పక్క నుంచి ఆ పక్కకి తిరిగిందా లేదా అన్నది నా వాదం. తేలని లెక్క కాగితం ఎక్కకూడదని నాన్నగారు కలం మూసేశారు.

అన్నయ్య పరీక్ష గట్టెక్కాడు. ఏలూరు స్టేషనులో రైలెక్కేటప్పుడు కూడా కిటికీలోంచి, "పదమూడే," అన్నాడు. ఆ తరవాత వాడు రాసిన ప్రతి ఉత్తరం అడుగునా అదే అంకె ఉండేది. నా జవాబు అడుగున నా అంకె ఉండేది. ఏడో పలక కడిగి గాడిలో పెట్టేశాం. తడిసి ఉబ్బింది కనక దింపడానికి రోజూ ఒక పోటు ఎక్కువ వేయాల్సి వచ్చేది. నాన్నగారు దాన్ని చిత్రిక పట్టనివ్వలేదు.

మరుసటి ఏడాది డిసెంబరులో ఒక ఉత్తరం వచ్చింది. తెరచాప పరీక్షలో వాడి పడవ మొదట వచ్చిందట. నడుమ ఒకచోట ముక్కు గాలిలో చిక్కితే మిగతావాళ్లు చేతులెత్తేశారట. వాడు లేచి చాప అంచు గాలిలోకి తోసి, వెనక్కి పోతూ తిప్పాడట. ఎవరు నేర్పారని ఆఫీసరు అడిగితే ఫారంలో ఉంది చూసుకోమన్నాడట. మార్కులు వేసే పుస్తకంలో ఆ మలుపును కూడా మలుపుగానే ఎక్కించారట.

అడుగున ఇలా రాశాడు: "పద్నాలుగు. నాన్నగారికి కూడా చదివి వినిపించు."

వినిపించాను. రెండుసార్లు.